మీ వీధి వేప ఎప్పుడు పూసింది?

ఉగాది పచ్చడిలో వేప పువ్వు వేయని ఇల్లు ఉండదు. ఆ పువ్వు ఏ రోజున విచ్చిందో చెప్పగలిగే ఇళ్ళు మాత్రం తక్కువ. ఉప్పల్, నాచారం గల్లీల్లో వసంతం ఏ చెట్టు మీద మొదలవుతుంది, ఏ వంటింట్లోకి వస్తుంది, ఎక్కడ మాయమవుతోంది? ఈ వారం ముఖచిత్ర కథనం.

ఉగాది ముందు రోజు సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో నడవాలంటే మామిడాకుల కట్టలు తప్పించుకుంటూ నడవాలి. వరంగల్ బస్సుల కోసం నిలబడ్డ జనం పక్కన, మెట్రో మెట్ల కింద, స్కైవాక్ స్తంభాల నీడలో గోనెపట్టాలు పరుస్తారు. పచ్చి మామిడికాయలు, కొత్త చింతపండు, కొత్త కుండలు, బంతిపూల దండలు. వాటి పక్కన నీళ్ళు చిలకరించిన వేప పూత రెమ్మలు. పండుగ సరుకుల చీటీలో అందరూ ఆఖరున రాసేది దాన్నే. అన్నిటికంటే తక్కువ డబ్బుకు వచ్చేదీ అదే. అది లేకపోతే మాత్రం పచ్చడి పచ్చడి కాదు.

ఆ రెమ్మ కొని సంచిలో వేసుకుని ఇంటికి వెళ్ళే దారిలోనే ఎన్నో వేపలు ఎదురవుతాయి. నాచారం పారిశ్రామికవాడలో పాత ఫ్యాక్టరీల ప్రహరీల లోపల ఉంటాయి. పోచమ్మ గుడుల ముందు పసుపు కుంకుమలతో ఉంటాయి. బస్తీ చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన సగం కొమ్మలు కొట్టేసినా మళ్ళీ చిగురేసి ఉంటాయి. అవన్నీ అప్పటికే పూతకొచ్చాయి. సాయంత్రం గాలి తిరిగితే వాసన కూడా వస్తుంది. చేదు చెట్టుకు అంత తియ్యటి వాసన ఎలా వచ్చిందా అనిపిస్తుంది. కానీ ఆ చెట్ల కింద బండి ఆపి తల ఎత్తేవాళ్ళు అరుదు.

ఉగాది అంటే తినే పండుగ, వినే పండుగ అనుకుంటాం. పచ్చడి తింటాం, పంచాంగం వింటాం. అసలు అది చూసే పండుగ. చెట్టు వైపు చూడమని, ఏడాదికి ఒక్కసారైనా కొమ్మ దగ్గరికి వెళ్ళమని పెద్దలు పెట్టిన నియమం అది. చూడటం మానేసి తినడం మాత్రం మిగుల్చుకున్నాం.

తిథి చంద్రుడిది, పువ్వు సూర్యుడిది

2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగింది. ఇలాగే పోతే మరో ఐదారేళ్ళలో ఉగాది సంక్రాంతి పక్కకు చేరాలి. అప్పుడు పచ్చడికి వేప పువ్వు దొరకదు, మామిడికి కాయ ఉండదు. కానీ అలా జరగదు. 2027లో ఉగాది మళ్ళీ ఏప్రిల్ 7న వస్తుంది.

ఇది పంచాంగం రాసినవాళ్ళ చలువ. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులు. సూర్యుడి ఏడాది 365 రోజులు. ఆ పదకొండు రోజుల తేడా పేరుకుంటూ పోతుంది. రెండు అమావాస్యల మధ్య సూర్యుడు కొత్త రాశిలోకి అడుగుపెట్టని నెల వస్తే దాన్ని అధికమాసంగా లెక్కిస్తారు. సగటున 32, 33 నెలలకు ఒకసారి అది వస్తుంది. 2026లో అధిక జ్యేష్ఠం మే 17న మొదలై జూన్ 15 దాకా ఉంటుంది. ఆ ఒక్క నెల చేరడంతో మరుసటి ఉగాది తిరిగి ఏప్రిల్‌కు వెళ్తుంది.

అధికమాసంలో పెళ్ళిళ్ళు చేయకూడదన్న మాటే మనకు ఎక్కువగా గుర్తుంది. అది ఎందుకు పెట్టారో గుర్తు లేదు. పండుగ పువ్వును విడిచి పోకూడదని పెట్టారు. చంద్రుణ్ణి నమ్ముకున్న తిథిని సూర్యుణ్ణి నమ్ముకున్న చెట్టుకు కట్టి ఉంచే ముడి అది.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకు ఇది కళ్ళ ముందే కనిపించింది. 2024లో ఉగాది అయిన రెండో రోజు, ఏప్రిల్ 11న రంజాన్ పండుగ వచ్చింది. 2025లో మార్చి 30న ఉగాది, 31న రంజాన్. ఒకే గల్లీలో ఒక ఇంటి నుంచి బక్షాలు, ఇంకో ఇంటి నుంచి షీర్ ఖుర్మా చేతులు మారాయి. ఇప్పుడు ఆ రెండు పండుగలు మళ్ళీ దూరమవుతాయి. హిజ్రీ లెక్కలో అధికమాసం లేదు కాబట్టి రంజాన్ సుమారు 33 ఏళ్ళలో ఎండనీ వాననీ చలినీ చుట్టి వస్తుంది. ఉగాది వేపచెట్టు దగ్గరే ఉండిపోతుంది. రెండూ చంద్రుణ్ణి చూసుకునేవే. ఒకటి అన్ని రుతువుల్లోనూ ఉపవాసం ఉండమంటుంది, ఒకటి ఒక్క రుతువును తప్పకుండా పలకరించమంటుంది.

ఒకటి రాలాక ఒకటి

బతుకమ్మ దగ్గర మన ఆడపిల్లలకు పూల పేర్లు చెప్పాల్సిన పని లేదు. తంగేడు, గునుగు, కట్ల, బంతి, చామంతి, గుమ్మడి పువ్వు. ఏది కింద పేర్చాలి, ఏది పైన పెట్టాలి, ఏది ఎన్ని గంటలు వాడకుండా ఉంటుంది, అన్నీ తెలుసు. తంగేడు రాష్ట్ర పుష్పం కూడా అయింది. శరదృతువు పూలను అంత బాగా ఎరిగిన ఊరు వసంతం పూలను ఎందుకు ఎరగదు? వాటిని కోసి పేర్చే పని లేదు కాబట్టి. అవి తలకు పైన, కొమ్మల మీద ఉంటాయి. తల ఎత్తాల్సి వస్తుంది.

ఎత్తి చూస్తే వరుస తెలుస్తుంది. చలి ఇంకా పూర్తిగా పోకముందే మామిడి పూత వస్తుంది. ఇళ్ళ వెనక మిగిలిన ఒకటి రెండు చెట్ల మీద ఆ లేత పసుపు గుత్తులు, వాటి మీద ముసిరే చిన్న ఈగలు. అదే సమయంలో బూరుగు ఆకులన్నీ రాల్చేసి అరచేతి వెడల్పు ఎర్ర పూలు పూస్తుంది. తేనె కోసం గోరింకలూ కాకులూ రామచిలుకలూ ఒకే కొమ్మ మీద పోట్లాడుకుంటాయి.

ఫిబ్రవరి, మార్చిలో గులాబీ రంగు టబెబుయా వంతు. హైదరాబాదులో డివైడర్ల మీద, పార్కుల్లో, కాలనీల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే చెట్టు ఇది. మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చింది. ఎల్ సాల్వడార్ దేశానికి ఇది జాతీయ వృక్షం. ఫోన్లలో ఫోటోలు ఎక్కువ దీనికే. ఈ చెట్టు పేరు మీద మనకింకా పాట లేదు, వంట లేదు, పండుగ లేదు. ఉండకూడదని కాదు. వేప కూడా ఒకనాడు ఎవరో మొదటిసారి పరికించి చూసిన చెట్టే.

తర్వాత రావి. దానికి కంటికి కనిపించే పువ్వు లేదు, చిగురే దాని పూత. గుడి అరుగు మీద కూర్చుని చూస్తే రాగి రంగు లేత ఆకులు ఎండకు అద్దాల్లా మెరుస్తాయి. ఆ వెంటే కానుగ. పాత ఆకు రాలిన వారం పది రోజుల్లోనే చెట్టంతా లేత ఆకుపచ్చ అవుతుంది. తెలుపూ ఊదా కలిసిన చిన్న పూలు గుట్టలుగా రాలి నిలిపిన స్కూటర్ల సీట్లను కప్పేస్తాయి. బండి తుడుచుకుని విసుక్కుంటాం. కొమ్మల్లో తేనెటీగల హోరు వింటే విసుగు పోతుంది.

అప్పుడు వేప. ముందు ఆకు రాలుతుంది, తర్వాత ఎర్రటి చిగురు, ఆ తర్వాత అయిదు రేకల చిన్న తెల్లపూల గుత్తులు. ఒకే వీధిలోని రెండు వేపలు ఒకే రోజు పూయవు. నేల కింద నీళ్ళు, పక్కన గోడ, పడే ఎండ, వేటి లెక్క వాటిది.

వేప పూత రాలాక అసలు ఎండలు. ఏప్రిల్ సగం దాటితే రేల చెట్టు పసుపు గొలుసులు వేలాడేస్తుంది. మడగాస్కర్ నుంచి వచ్చి మనదే అయిపోయిన గుల్‌మొహర్ ఎర్రబడుతుంది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పచ్చ తురాయి దారంతా పసుపు పొడి చల్లుతుంది. మూరల లెక్కన మల్లెపూలు కొలిచే చేతులు చౌరస్తాలో సాయంత్రం నుంచి రాత్రి దాకా ఆగవు.

మోదుగ ఎటు పోయింది?

ఈ వరుసలో ఒక చెట్టు లేదు. ఉండాల్సిన చెట్టు అది. ఫాల్గుణ పున్నమి అంటే తెలంగాణ పల్లెల్లో కాముని పున్నమి. అంతకు ముందు నుంచే పిల్లలు కోలలు పట్టుకుని జాజిరి ఆడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. పున్నమి రాత్రి కాముణ్ణి కాల్చేవాళ్ళు. తెల్లారితే రంగులు. ఆ రంగు దుకాణంలో కొన్నది కాదు. మోదుగ పూలు కోసుకొచ్చి, నీళ్ళలో వేసి మరిగిస్తే దిగే నారింజ రంగు.

ఆకు ఒక్కటి కూడా లేని కొమ్మ నిండా మంట పెట్టినట్టు పూసే చెట్టు మోదుగ. దాని ఆకులే మన విస్తర్లు. పువ్వు రంగుకు, ఆకు భోజనానికి. రాతి నేలలో, గుట్టల పక్కన ఎవరూ నీళ్ళు పోయకపోయినా బతుకుతుంది. ఉప్పల్ నుంచి వరంగల్ దారిలో బయలుదేరితే, ఊళ్ళు పలచబడి గుట్టలు మొదలైన చోట్ల ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. ఉప్పల్ కూడా ఒకనాడు ఊరే. ఆ రాతి నేల మీదే ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి.

ఐపీఎల్ రోజుల్లో రాజీవ్ గాంధీ స్టేడియం వైపు వెళ్ళే దారులన్నీ నారింజ రంగులో ఉంటాయి. సన్‌రైజర్స్ జెర్సీలు, జెండాలు, బుగ్గల మీద రంగులు. మోదుగ పూసే కాలం ముగిసేసరికి ఆ రంగు ఉప్పల్‌కు మరో రూపంలో వస్తుంది. వేలమంది ఒక రంగు కోసం అంత ఉత్సాహంగా కదలగలిగిన చోట, ఆ రంగు పూసే మన చెట్లు పది నాటితే బాగుంటుంది. పార్కుల్లో, చెరువు కట్టల మీద, స్టేడియం చుట్టుపక్కల. పిల్లలు హోలీకి మరిగించుకోవడానికి పూలు దొరుకుతాయి.

వంటింట్లో వసంతం

చెట్టును చూసే అలవాటు వంటింట్లో ఇంకా చావలేదు. పెద్దవాళ్ళున్న ఇళ్ళలో వేప పూసే రోజుల్లో రాత్రి చెట్టు కింద పాత చీర పరుస్తారు. తెల్లారేసరికి రాలిన పూత దాని మీద ఉంటుంది. చీమలు, పుల్లలు ఏరి, నీడన ఎండబెట్టి, డబ్బాలో పోసి ఏడాదంతా దాచుకుంటారు. నేతిలో వేయించి వేడన్నంలో కలుపుకుంటే ఒక రుచి, చారులో వేస్తే ఇంకో రుచి. జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవాళ్ళకు వేప పువ్వు చారే పెడతారు.

పచ్చడి కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఇళ్ళలో చెంచాతో తినే పచ్చడి చేస్తారు. తెలంగాణ ఇళ్ళలో కొత్త కుండలో చింతపండు పులుసు, కొత్త బెల్లం, మామిడి ముక్కలు, వేప పువ్వు వేసి, పుట్నాలో కొబ్బరో కలిపి గ్లాసుల్లో పోస్తారు. ఇక్కడ పచ్చడి తాగుతారు. కుండకు మామిడాకులు కడతారు. ఉగాది కాస్త తొందరగా వచ్చిన ఏడు గ్లాసులో మొగ్గలు ఎక్కువ, ఆలస్యమైన ఏడు విచ్చిన పూలు ఎక్కువ. మామిడి పులుపు కూడా ఏడాదికో తీరు. పచ్చడి రుచి మారడం చేసినవాళ్ళ చేతిలో మాత్రమే లేదు, కొమ్మ మీద కూడా ఉంది.

తొమ్మిదో రోజున శ్రీరామనవమి. నానబెట్టిన పెసరపప్పుతో వడపప్పు, బెల్లం నీళ్ళలో మిరియాలు, యాలకులు వేసిన పానకం. పందిరి కింద నిలబడి తాగే ఆ గ్లాసు పానకంతో వసంతం నుంచి వేసవిలోకి దాటుతాం. చేదు పువ్వుతో మొదలై చల్లటి తీపితో ముగిసే ఈ తొమ్మిది రోజులు వంటింటి పంచాంగం.

వేపలన్నీ మాడిపోయిన ఏడు

2021 చివర్లో తెలంగాణ అంతా ఒక్కసారిగా తల ఎత్తి వేపల వైపు చూసింది. వానాకాలం వెళ్ళాక పచ్చగా ఉండాల్సిన చెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి. దూరం నుంచి చూస్తే ఎవరో మంట పెట్టినట్టు గోధుమ రంగు. ఊళ్ళకు ఊళ్ళే భయపడ్డాయి. వేపకే రోగమొస్తే ఇంక మనకేం దిక్కన్న మాట చాలా నోళ్ళలో వినిపించింది. ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు అదని శాస్త్రవేత్తలు తేల్చారు. రసం పీల్చే టీ దోమ కూడా దానికి తోడైంది. ఉత్తరాదిలో డెహ్రాడూన్ వైపు ఈ తెగులును 1990లలోనే గుర్తించారు.

మరుసటి వసంతంలో చాలా చెట్లు మళ్ళీ చిగురించాయి. 2022 ఏప్రిల్ 2న వచ్చిన ఉగాదికి పచ్చడిలో పువ్వు పడింది. భయం పోయింది, దాంతోపాటు చూపు కూడా పోయింది. ఆ చిగురు ఏ వారం వచ్చింది, పూత ఎప్పటికంటే ఎంత ఆలస్యమైంది, ఏ చెట్టు కోలుకుంది, ఏది సగమే కోలుకుంది? ఉప్పల్‌లోనో నాచారంలోనో ఒక్క ఇంటి గోడ మీదైనా రాసి ఉంటే ఈరోజు అది విలువైన కాగితం అయ్యేది.

క్యాలెండరులో ఒక గీత

అలాంటి కాగితాల విలువ జపాన్‌కు తెలుసు. క్యోటో నగరంలో చెర్రీ పూలు నిండుగా విచ్చిన తేదీలు తొమ్మిదో శతాబ్దం నుంచి దొరుకుతాయి. ఎవరూ పరిశోధన కోసం రాయలేదు. రాజులు, కొలువులోని ఉద్యోగులు, మఠాల్లోని సన్యాసులు పూల పండుగకు వెళ్ళిన రోజును దినచర్యలో రాసుకున్నారు. యసుయుకి అవోనో అనే ఆచార్యుడు ఆ రాతలన్నీ వెతికి ఒక పట్టిక చేశారు. 1200 ఏళ్ళకు పైబడిన ఆ లెక్కలో, 2021లో మార్చి 26న వచ్చిన నిండు పూత అప్పటికి అన్నిటికంటే తొందరగా వచ్చినదిగా తేలింది. భూమి వేడెక్కుతోందన్న మాటకు ప్రపంచం ఇప్పుడు చూపించే సాక్ష్యాల్లో అది ఒకటి.

మన దేశంలోనూ 2010 నుంచి సీజన్‌వాచ్ అనే కార్యక్రమం నడుస్తోంది. బడిపిల్లలు, గృహిణులు, ఉద్యోగులు ఎవరైనా ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి చూసి చిగురు, పూత, కాయ రాసి పంపవచ్చు. కేరళలో బడిపిల్లలు పెద్ద సంఖ్యలో పాల్గొంటారు. ఏప్రిల్ మధ్యలో విషు పండుగకు అక్కడ కావాల్సింది రేల పువ్వే. అది పండుగకు చాలా ముందే పూసి రాలిపోతోందన్న బెంగ అక్కడ ఉంది. రేపు మన వేపకూ ఆ మాట రావచ్చు. పంచాంగం తిథిని సరిచేయగలదు. వేడెక్కిన గాలిని సరిచేయలేదు. ఏ అధికమాసమూ ఆ తేడాను పూడ్చలేదు.

ఇందుకు చదువు అక్కర్లేదు, యాప్ కూడా తప్పనిసరి కాదు. ప్రతి ఇంట్లో గోడకు తేదీల క్యాలెండర్ ఉంటుంది. పాల ప్యాకెట్ల లెక్క, గ్యాస్ సిలిండర్ వచ్చిన రోజు అందులోనే రాస్తాం. పక్కన ఇంకో మాట: మన వీధి వేప మొదటి పువ్వు. అంతే. ఏడాది చివర ఆ క్యాలెండర్‌ను పాత కాగితాల్లో వేయకుండా అల్మారాలో పెట్టాలి.

వీధి చెట్ల వరుస: ఏ నెలలో ఏది చూడాలి

జనవరి, ఫిబ్రవరి: మామిడి పూత, బూరుగు పూలు.
ఫిబ్రవరి, మార్చి: గులాబీ టబెబుయా, ఊరి బయట మోదుగ, రావి చిగురు.
మార్చి, ఏప్రిల్: కానుగ, వేప, అంగడిలో మల్లెలు.
ఏప్రిల్, మే: రేల, గుల్‌మొహర్, పచ్చ తురాయి.
రాయాల్సినవి మూడే: మొదటి చిగురు, మొదటి పువ్వు, ఆఖరి పువ్వు రాలిన రోజు.

చూసే కళ్ళే కాపలా

ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 6 కిలోమీటర్లకు పైగా సాగే ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఏళ్ళకేళ్ళు నడిచింది. రోడ్డు కావాలి, ఆ దుమ్ములో రోజూ ప్రయాణించినవాళ్ళకు ఆ అవసరం బాగా తెలుసు. కానీ రోడ్డు వెడల్పయ్యే ప్రతిచోటా ముందు పోయేది అంచున ఉన్న చెట్టే. కాలనీల్లోనూ అంతే. కొత్త షటర్‌కు అడ్డమనో, కారు నిలపాలనో, ఆకులు రాలి చెత్త అవుతోందనో ఒక ఆదివారం పొద్దున చెట్టు పోతుంది.

2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అధికారుల అనుమతి కావాలి. చట్టం ఉంది, కానీ ఆ చెట్టు అక్కడ ఉండేదని చెప్పే మనిషి లేకపోతే చట్టం పలకదు. ఫలానా మూల మీద వేప ఉండేది, ఏటా మార్చి రెండో వారంలో పూసేది, దాని పూతతో చుట్టుపక్కల ఇళ్ళు పచ్చడి చేసుకునేవి అని చేతిలో తేదీలతో నిలబడి అడిగితే ఆ ప్రశ్నకు బలం వస్తుంది. కాలనీ సంఘం సమావేశంలో రోడ్లు, డ్రైనేజీ, సీసీ కెమెరాల తర్వాత చెట్ల జాబితా కూడా ఒక అంశం కావాలి. ఏ చెట్టు, ఎక్కడ, ఎప్పుడు పూసింది. బడుల్లో ఆ జాబితా పని పిల్లలకు అప్పగిస్తే పెద్దలకంటే శ్రద్ధగా చేస్తారు.

రాబోయే ఉగాదికి పచ్చడి గ్లాసు చేతికిచ్చే ముందు ఇంట్లో పిల్లల్ని ఒక్క మాట అడగండి: ఈ పువ్వు ఏ చెట్టుది, అది ఎప్పుడు పూసింది? మొదటి ఏడు జవాబు రాకపోవచ్చు. రెండో ఏడుకు వాళ్ళే ముందుగా వెళ్ళి చూసి వస్తారు. చెట్టు పూసిన రోజు చెప్పగలిగే పిల్లలున్న వీధిలో ఆ చెట్టు మీద గొడ్డలి వేయడం అంత తేలిక కాదు.